వెడల్పు చేసిన వంటిల్లు

నాకు వంట రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే వంటింట్లో తలనెరిసిన మనిషి మాట్లాడుతోందనుకుంటారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చున్నాను, రిటైరయ్యాక టీవీ ముందు కూర్చున్నాను. పాత ఇళ్ళు పడగొట్టి కొత్తగా చేసి చూపించే కార్యక్రమాలంటే నాకు పిచ్చి. అందులోనూ వంటిళ్ళు. చూసినంతసేపూ తిడుతూనే చూస్తాను. తిట్టడానికే చూస్తానని మా మరదలు అంటుంది.

తిట్టక ఏం చెయ్యను? పొయ్యి తెచ్చి గది నడిమధ్యన పెడతారు. సింకు ఆ చివర కిటికీ కింద పెడతారు, గిన్నెలు తోమేవాళ్ళకి ఆకాశం కనిపించాలట. మరిగే నీళ్ళ గిన్నె పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేవాళ్ళకి ఏం కనిపించాలో ఎవరూ చెప్పరు. గిన్నెల అరలు కప్పుదాకా వెళతాయి, వాటికి తలుపులుండవు, ఎక్కి దిగడానికో నిచ్చెన. చెత్తబుట్ట మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఆ ఇళ్ళల్లో ఎవరూ ఉల్లిపాయ ఒలవరు కాబోలు. పైన పటారం, లోన లొటారం. వీటిని గీసేవాళ్ళు ఇంకొకరు పెట్టిచ్చిన టీ తాగుతూ గీస్తారని నా గట్టి నమ్మకం.

అలాంటి వంటిల్లు మా తమ్ముడింటికే వస్తుందని, అదీ వాడే అడిగి మరీ తెప్పించుకుంటాడని నేను కలలో కూడా అనుకోలేదు.

మా తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. మరదలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. వాళ్ళిల్లు మా వీధి చివరే కాబట్టి నేను రోజూ అక్కడికే చేరతాను. వాళ్ళ పాత వంటిల్లు రైలుపెట్టెలో నడవా అంత ఉండేది. ఇటు గట్టు మీద పొయ్యి, అటు గట్టులో సింకు, మధ్యలో ఒక మనిషికి సరిపడా దారి. పొయ్యి దగ్గర నిలబడి వెనక్కి తిరిగితే చెయ్యి కుళాయికి అందేది. వంట మరదలిది, గిన్నెలు తమ్ముడివి. పెళ్ళయిన కొత్తలో కుదుర్చుకున్న ఒప్పందమది. ఒకరి వీపుకి ఒకరు వీపు ఆనించి పనిచేసుకునేవాళ్ళు. మా మేనకోడలు గట్టెక్కి కాళ్ళూపుకుంటూ కూర్చుని ఇద్దరి మీదా నాకు చాడీలు చెప్పేది. "అత్తా, నాన్న గిన్నె అడుగు తోమడు చూడు, అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది" అనేది. నాకు పిల్లల్లేరు. ఆ పిల్ల నా పిల్ల కూడా.

ఆ పిల్ల పోయింది. కాలేజీలో చేరిన ఏడాది ఒక సాయంత్రం కడుపునొప్పి అంది. మరదలు కారు పిలవమంది. తమ్ముడు అప్పుడే రెండు షిఫ్టులు చేసి వచ్చాడు. "గ్యాసయ్యుంటుంది, పొద్దున్నే తీసుకెళ్దాం" అన్నాడు. పొద్దున్నకి లోపల పేగు పగిలి విషమైపోయింది. ఇంతకన్నా దాని గురించి నేను చెప్పలేను.

ఆసుపత్రి వరండాలో మా మరదలు గోడకి ఆనుకుని నిలబడి ఉంటే, తమ్ముడు దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. "నా దగ్గరికి రావద్దు" అంది. గట్టిగా కూడా అనలేదు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నిజమే గానీ, అలాంటి రోజున ఎవరి నోరు జారదు? కొన్నాళ్ళకి నేనా మాటే మర్చిపోయాను.

ఏళ్ళు గడిచినా, అప్పటి నుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు. పోట్లాట లేదు, విడిపోవడం లేదు. వాడి పక్క ముందుగదిలోకి మారింది. ఆమె భోంచేసి లేచాక వాడు కూర్చునేవాడు. నడవాలో ఆమె ఎదురైతే ఏ గదిలోకో తప్పుకునేవాడు. వాడికి కోపం వచ్చిందని నేననుకున్నాను, మరదలూ అదే అనుకుంది. అడుగుదామంటే వాడు బెల్లం కొట్టిన రాయి. వాడితో మాట్లాడటమూ గోడతో మాట్లాడటమూ ఒకటే.

ఒక్క వంటింట్లో మాత్రం ఆ దూరం సాగేది కాదు. గిన్నెలు తోమడం వాడు మానలేదు, వంట ఆమె మానలేదు. అంత ఇరుకులో ఇద్దరు నిలబడితే మోచేతులు తగలకుండా ఎలా ఉంటాయి? "కాస్త జరగండి" అనేది ఆమె. "ఆఁ" అనేవాడు వాడు. గట్టుకి అంటుకుపోయి, ఊపిరి బిగబట్టి దారిచ్చేవాడు. రోజంతా కలిపి వాళ్ళ మధ్య నడిచే సంభాషణ అదే. నేను ముందుగదిలో టీవీ చూస్తూ వినేదాన్ని. ఒక్కోసారి టీవీ శబ్దం తగ్గించి మరీ వినేదాన్ని.

ఒకరోజు మంచినీళ్ళ కోసం వెళ్ళి గుమ్మంలో ఆగాను. మరదలు శుభ్రంగా ఉన్న గరిటె పట్టుకుని, "కాస్త జరగండి" అని సింకు దగ్గరికెళ్ళి, దాన్ని కడిగింది. పొయ్యి దగ్గరికొచ్చి పక్కన పెట్టింది. కాసేపటికి అదే గరిటె తీసుకుని మళ్ళీ వెళ్ళింది. నేను నీళ్ళు తాగకుండానే వెనక్కొచ్చాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ అంటారు గానీ, ఆ గరిటె సంగతి మాత్రం నేనెవరికీ చెప్పలేదు. ఆ మాత్రం తగలడానికైనా చోటుంటే, ఎప్పటికో ఒకప్పటికి ఇంకో మాట పుడుతుందని నాకు ఆశ.

ఇలా ఉండగా, ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీవాళ్ళు వచ్చారు.

మా తమ్ముడి బస్సులో రోజూ ఎక్కే ఒకాయన నేను తిట్టే ఆ వంటిళ్ళ కార్యక్రమంలో పనిచేస్తాడట. మా తమ్ముడు ఎర్రలైటు దగ్గర బస్సాపి, వెనక్కి తిరిగి ఆయన్ని అడిగాడట. భార్యతో రోజుకి ఒక ముక్క కూడా మాట్లాడనివాడు పరాయి మనిషిని బతిమాలాడంటే నాకు ముందు నమ్మకం కలగలేదు. కెమెరావాళ్ళు, లైట్లవాళ్ళు, నవ్వుతూనే ఉండే యాంకరమ్మాయి, మెడలో టేపు వేసుకున్న డిజైనరు, అందరూ చెప్పుల్తో లోపలికొచ్చేశారు. డిజైనరు వంటింట్లోకి తొంగిచూసి, ఎవరో చచ్చిపోయిన వార్త విన్నట్టు మొహం పెట్టాడు.

"ఇందులో ఇద్దరు ఎలా పనిచేస్తున్నారు మేడమ్?" అన్నాడు.

మరదలు మా తమ్ముడి వంక చూసింది. వాడు నేల వంక చూశాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె పొయ్యి గట్టు తుడుస్తూ నాతో అంది. "నేను తగలడం కూడా ఆయనకి బరువైపోయినట్టుంది వదినా. ఒక్క మాటంటే నేనే అటు వెళ్ళడం మానేసేదాన్ని. ఇంత హంగామా ఎందుకు, ఊరందర్నీ పిలిచి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. వీధిలోకెళ్ళి వాణ్ణి పట్టుకున్నాను.

"ఏరా, బుద్ధుందా నీకు? ఉన్న వంటింటికి ఏమొచ్చింది?"

"ఇరుకు కదక్కా" అన్నాడు.

"ఇన్నేళ్ళూ లేని ఇరుకు ఇప్పుడొచ్చిందా?"

"ఇరుకే అక్కా" అన్నాడు మళ్ళీ.

గోడ కొట్టేశారు. వంటింటికీ ముందుగదికీ మధ్య గోడ పోయి రెండూ ఒకటే హాలయ్యాయి. పని జరిగినన్నాళ్ళూ వాళ్ళిద్దర్నీ ఎక్కడో హోటల్లో ఉంచారు. అంతకుముందే ఒక్కొక్కర్నీ విడిగా కూర్చోబెట్టి, మాట్లాడించి, కెమెరాలో తీసుకున్నారు. ఎవరేం చెప్పారో రెండోవాళ్ళకి తెలియదు. టీవీలో చూసుకోవాల్సిందే.

కొత్త వంటిల్లు చూపించే రోజున నన్ను కూడా రమ్మన్నారు. ఒక మూల నిలబెట్టి, చప్పుడు చెయ్యొద్దన్నారు. నన్ను. యాంకరమ్మాయి గుమ్మం బయట వాళ్ళిద్దరితో, "కళ్ళు మూసుకుని, చేతులు పట్టుకుని లోపలికి రండి, నేను చెప్పాకే కళ్ళు తెరవండి" అంది.

ఇద్దరూ కదల్లేదు. సిగ్గనుకుంది ఆ పిల్ల. తనే మరదలి చెయ్యి తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. మా తమ్ముడు ఆ చేతిని ఎలా పట్టుకున్నాడంటే, బస్సులో ఎవరో మర్చిపోయిన సామాను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని లోపలికొచ్చారు. లైటు సరిగ్గా పడలేదట, మళ్ళీ బయటికి పంపారు. మళ్ళీ వచ్చారు. ఈసారి ఎవరి ఫోనో మోగింది. "సారీ సార్, ఇంకొక్కసారి" అన్నారు. మరదలి మూసిన కళ్ళ చివర తడి నాకు కనిపించింది. కెమెరాకీ కనిపించింది కాబోలు, "సూపర్, ఆ ఎమోషన్ అలాగే ఉంచండి మేడమ్" అన్నాడెవడో. ఆ లైట్లన్నీ వాడి నెత్తిన పడితే బాగుండుననుకున్నాను. ఎలాగైనా ఆ లైటు ఇంకాసేపు సరిగ్గా పడకుండా ఉండాలని కూడా అనుకున్నాను.

"ఓకే" అన్నారు. తమ్ముడు వెంటనే చెయ్యి వదిలేశాడు.

వంటిల్లు సరిగ్గా నేను తిట్టే రకమే. హాలు మధ్యలో తెల్లరాతి గట్టు, దాన్ని ఐలాండ్ అనాలట. దాని మీద పొయ్యి. కళ్ళు తిరిగేంత దూరాన కిటికీ కింద సింకు. ఫ్రిజ్‌ని అల్మరా చెక్కల వెనక దాచేశారు, మొదటివారం నేను పాలకోసం మూడు తలుపులు తీస్తే చీపురు దొరికింది. అల్మరాలకి పిడులు లేవు, ఒళ్ళు తగిలితే తెరుచుకుంటాయి. నా ఒంటికి అవి ఎప్పుడూ తెరుచుకునే ఉండేవి. టీ చుక్క పడితే ఆ తెల్లరాయి జన్మలో మర్చిపోదు. పొయ్యి మీద చిమ్నీ వేస్తే విమానం దిగినట్టే, పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడదు. అన్నిటికన్నా ఘనమైన సంగతి, గిన్నెలు తోమే యంత్రం ఇచ్చారు. మా తమ్ముడు చేసే పని అదొక్కటీ పోయింది.

మొదట్లో వాడు సింకు దగ్గరికెళ్ళి ఏదో ఒకటి కడిగేవాడు. ఆమె పొయ్యి దగ్గర, వాడు అక్కడెక్కడో కిటికీకి మొహం పెట్టి. ఒక పొద్దున మరదలు గిన్నె పట్టుకుని సింకువైపు వెళ్తూ, అలవాటు చొప్పున "కాస్త జరగండి" అంది. వాడికీ ఆమెకీ మధ్య ఇద్దరు మనుషులు నడిచేంత చోటుంది. అయినా వాడు ఉలిక్కిపడి గోడదాకా జరిగాడు. ఆమె గిన్నె సింకులో పెట్టి వచ్చేసింది. ఆ తర్వాత ఆ మాట ఆమె నోట నేను వినలేదు. వాడు వంటింటి వైపు రావడం కూడా తగ్గిపోయింది. యంత్రం తోముతుంటే వాడికక్కడ ఏం పని? డిపో క్యాంటీన్‌లోనే తిని వచ్చేవాడు.

మరదలు చిక్కిపోయింది. ఆ పెద్ద గట్టు ముందు ఒక్కతే నిలబడి, ఒక్కరికి వండుకుని, సగం నాకు పెట్టేది. "చోటు బాగుంది కదూ వదినా" అనేది. ఆ గొంతు వినలేక నేను చిమ్నీ వేసేదాన్ని. వాళ్ళ అన్న దగ్గరికి వెళ్ళి కొన్నాళ్ళు ఉండాలనుందని ఒకరోజు అంది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె ఆ గుమ్మం దాటితే మళ్ళీ రాదని నాకు తెలుసు. వాడు ఆపడనీ తెలుసు.

ఆమె ప్రయాణం అనుకున్న వారమే కార్యక్రమం టీవీలో వచ్చింది. ఆదివారం పొద్దున. నేను సోఫాలో కూర్చున్నాను. మరదలు గట్టు దగ్గర ఇటువైపు నిలబడింది. టీవీలో తనని తాను చూసుకోవడానికి సిగ్గేమో, మా తమ్ముడు గట్టుకి అటువైపు, సింకు దగ్గర నిలబడి తుడిచిందే తుడుస్తున్నాడు.

పాత వంటిల్లు చూపించారు, విషాదసంగీతం వేసి. అది చూస్తే నాకు నిజంగానే ఏడుపొచ్చింది, వాళ్ళనుకున్న కారణానికి కాదు. తర్వాత మా తమ్ముడు తెరమీదికొచ్చాడు, యూనిఫాం చొక్కాలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని.

"ఈ కిచెన్‌లో మీకు పెద్ద ఇబ్బంది ఏంటి సార్?" అని యాంకరమ్మాయి అడిగింది.

"నాకేం ఇబ్బంది లేదండి. ఆవిడకే."

"మేడమ్‌కి ఏంటి ఇబ్బంది?"

"నేను దగ్గరికి రాకూడదండి. ఆవిడ వద్దంది. అన్నిచోట్లా తప్పుకుంటాను. ఇక్కడే కుదరట్లేదు. ఎంత గోడకి అంటుకున్నా తగులుతూనే ఉంటాను. పాపం ఏమీ అనదు, జరగమంటుందంతే. కాస్త వెడల్పు చేసిస్తే ఆవిడ ఊపిరి పీల్చుకుంటుంది."

తెర మీద యాంకరమ్మాయి పకపకా నవ్వింది. "అంటే సార్‌కి మేడమ్ అంటే ఎంత భయమో చూడండి" అంది. కింద పెద్ద అక్షరాల్లో 'భార్య అంటే హడల్' అని వేశారు. జనం నవ్వుతున్న చప్పుడు కూడా కలిపారు.

నేను టీవీ ఆపేశాను. చిన్నప్పుడు ఒకసారి మా అమ్మ వీణ్ణి గుమ్మం దగ్గర నిలబడరా అంది. ఏదో అల్లరి చేశాడని. మేమంతా ఆ సంగతే మర్చిపోయి అన్నాలు తినేశాం. చీకటి పడ్డాక చూస్తే వాడక్కడే నిలబడి ఉన్నాడు. రావొచ్చని ఎవరూ చెప్పలేదుగా అన్నాడు.

మరదలు గట్టు మీద రెండు చేతులూ ఆనించి, "ఆ మాట పట్టుకునా, ఇన్నేళ్ళూ?" అంది.

వాడు తుడిచే గుడ్డ మడతపెట్టాడు. "నువ్వు రమ్మనలేదుగా."

"కోపంలో అన్నాను. అప్పుడే పోయిందది. మీరే నన్ను వదిలేశారనుకున్నాను."

"కోపంలో అన్నా నువ్వన్నది తప్పు కాదుగా." వాడు ఆమె వైపు చూడలేదు. "ఆ సాయంత్రం కారు పిలవమన్నావు. నేను పిలవలేదు. నా తప్పు లేదని అను, చూద్దాం. ఒక్కసారి అను."

మా మరదలు నోరు తెరిచింది. అనమ్మా, ఒక్క అబద్ధం ఆడు తల్లీ, అని లోపల మొక్కుకున్నాను. నేనైతే ఆడేసేదాన్ని, నాకు అబద్ధాలు బాగా వచ్చు. ఆమెకి రావు. నోరు తెరిచినట్టే తెరిచి, మూసేసింది. వాడు తల ఊపాడు, తెలిసిన సంగతే అన్నట్టు.

"తప్పు మీదే" అంది చివరికి. "మీదే. అయినా రండి."

వాడు తలెత్తి చూశాడు. విన్నది నమ్మలేదనుకుంటాను. గుడ్డ సింకు మీద పెట్టి కదిలాడు. గట్టుకి కుడివైపు నుంచి చుట్టి రాబోయాడు. అదే క్షణాన ఆమె కూడా కదిలింది, ఎడమవైపు నుంచి. వాడు ఇటొచ్చేసరికి ఆమె అటుంది. ఆ తెల్లటి రాయికి చెరోపక్కా నిలబడి మళ్ళీ ఒకర్నొకరు చూసుకున్నారు. ఇద్దరూ మళ్ళీ కదిలారు, మళ్ళీ అంతే. ఇంకో రోజైతే నేను పడీపడీ నవ్వేదాన్ని.

"ఇద్దర్లో ఒకరు ఆగండి" అన్నాను.

మా తమ్ముడు ఆగాడు. చెప్తే ఆగుతాడు వాడు. మరదలు గట్టు చుట్టూ తిరిగి వాడి వైపు నడిచింది. దారిపొడుగునా రాతిని చేత్తో పట్టుకుంటూ, తడబడుతూ నడిచింది. చెంపల మీద కన్నీళ్ళు తుడుచుకోను కూడా లేదు. వాడి ముందుకొచ్చి చెయ్యి చాపింది.

వాడు వెంటనే ఊపిరి బిగబట్టి, పక్కకి ఒదిగి, ఆమెకి దారిచ్చాడు.